ఐపీఎలా, లేజరా? ఎండ మచ్చలకి ఏ లైటు కొట్టించుకోవాలి?

ఈ రోజు ఐపీఎల్ గురించి మాట్లాడుకుందాం. క్రికెట్ కాదు సామీ, అప్పుడే వీడియో మార్చొద్దు. మొఖానికి లైటు కొట్టి నలుపు పోగొడతాం అంటారే, ఆ ఐపీఎల్. సన్‌స్క్రీన్ గురించి చెప్పినప్పటి నుంచి నన్ను ఒకటే అడుగుతున్నారు. "అక్కా, ఎండకి మొఖం పాడైపోయింది, ఐపీఎల్ చేయించుకోనా, లేజర్ చేయించుకోనా?"

ముందే చెప్పేస్తా, నేను డాక్టర్ని కాదు. బీఫార్మసీ చదివి ఆత్మకూరులో ఒక మందుల షాపులో పనిచేస్తున్నా. సొంతూరు ఉదయగిరి పక్కన పల్లె. చిన్నప్పుడు సెలవులొస్తే నాన్న వెనకాలే పొగాకు తోటలో ఉండేదాన్ని. ఆ ఎండ ఎట్టా ఉంటుందో మన పక్కోళ్లకి చెప్పక్కర్లేదు. దుర్గం కొండ రాయి సాయంత్రం ఏడింటికి కూడా సెగ కక్కుతా ఉంటుంది.

అసలు ఈ వీడియో చేయడానికి కారణం పోయిన నెల షాపుకొచ్చిన ఒక అమ్మాయి. పేరు, ఊరు చెప్పను. మూడు వారాల్లో పెళ్లి. రెండు బుగ్గల మీద, ముక్కు మీద గోధుమ రంగు మచ్చలు. పొలం పని చేసే పిల్ల. అబ్బాయి తరఫువాళ్లు ఫోటో చూసి ఏదో అన్నారంట. చేతిలో ఒక పార్లర్ వాళ్ల కరపత్రం, ఐపీఎల్ నాలుగు సిట్టింగుల ప్యాకేజీ. అడ్వాన్సు కట్టడానికి డబ్బులు కూడా తెచ్చుకుంది. "అక్కా, ఇది చేయించుకుంటే పెళ్లికి పోతాయా?" అని అడిగింది.

నాకు గుండె జల్లుమంది. ఎందుకంటే ఆ పని నేను చేసేసి ఉన్నా.

మూడేళ్ల కిందట మా అక్క పెళ్లి. నా బుగ్గల మీద కూడా అట్టాంటి మచ్చలే. ఒక టౌన్లో, పేరు వద్దులే, ఒక చోట ఐపీఎల్ చేస్తారంటే పోయా. మొదటి సిట్టింగు బాగానే ఉంది, మొఖం కొంచెం తేటగా కూడా అనిపించింది. రెండో సిట్టింగు మే నెలలో. అప్పటికి వారం రోజులు పెళ్లి పిలుపులంటూ బండి మీద ఎండలో తిరిగా. ఎండలో తిరిగావా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మిషన్ పెట్టిన చోటల్లా చురుక్కుమంది. "అట్లాగే ఉంటుంది మేడమ్" అన్నారు. సాయంత్రానికి బుగ్గ మీద ఇస్త్రీ పెట్టె అంచు తగిలినట్టు పొడుగు చదరాలు, వరసగా మూడు. తర్వాత పొక్కులు, పొక్కుల తర్వాత నలుపు. ఆ నలుపు పోవడానికి ఆరు నెలలు పట్టింది. మా అక్క పెళ్లి ఆల్బమ్‌లో నేను అన్నిట్లో ఒక పక్కకే తిరిగి ఉంటా.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఐపీఎల్ అంటే ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్. ఇది లేజర్ కాదు, చాలామందికి తెలియదు. పెళ్లి ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ కొడతాడు కదా, దాన్ని చాలా రెట్లు పెంచితే ఎట్టా ఉంటుందో అది. సుమారు 500 నుంచి 1200 నానోమీటర్ల దాకా రకరకాల కాంతి ఒకేసారి వస్తుంది. ముందర ఫిల్టర్ పెట్టి కొంత ఆపుతారు. లేజర్ అంటే ఒకే ఒక్క తరంగదైర్ఘ్యం. మన భాషలో చెప్పాలంటే ఐపీఎల్ చేత్తో విత్తనాలు చల్లడం, లేజర్ గొర్రుతో సాళ్లలో వేయడం.

రెండిటికీ సూత్రం మాత్రం ఒకటే. అమెరికాలో ఆండర్సన్, ప్యారిష్ అనే ఇద్దరు 1983లో చెప్పిన సిద్ధాంతం. నల్లగా ఉండే మెలనిన్ కాంతిని పీల్చుకుని వేడెక్కి పగిలిపోతుంది, చుట్టుపక్కల చర్మం బాగానే ఉంటుంది. మచ్చలో మెలనిన్ ఎక్కువ, చర్మంలో తక్కువ, కాబట్టి దెబ్బ మచ్చకి మాత్రమే తగులుతుంది. తెల్లతోలు మీద ఇది బ్రహ్మాండం. మన సంగతేంది? మన చర్మం మొత్తం మెలనినే కదా! ఏది మచ్చ, ఏది మామూలు తోలు అనేది ఆ లైటుకి తెలియదు. పైన ఉన్న తోలే వేడిని తాగేసి కాలిపోతుంది.

ఫిట్జ్‌పాట్రిక్ అని హార్వర్డ్ డాక్టరు 1975లో చర్మాన్ని రకాలుగా విడగొట్టాడు. ఇప్పుడు ఒకటి నుంచి ఆరు దాకా లెక్క. ఒకటో రకం ఎండకి ఎర్రగా కాలుతుందే కానీ నల్లబడదు, ఆరోది బాగా నలుపు. మనలో ఎక్కువ మంది నాలుగు, ఐదు. ఐపీఎల్ బాగా పనిచేసేది ఒకటి నుంచి మూడు దాకా. నాలుగులో చాలా జాగ్రత్తగా, తక్కువ పవర్‌తో, అనుభవం ఉన్న డాక్టరే చేయాలి. ఐదు దాటితే వద్దనే అంటారు. ఇంకో సంగతి, ఎండకి టాన్ అయి ఉన్నప్పుడు నీ రకం తాత్కాలికంగా ఒక మెట్టు పైకి పోయినట్టే. నా మే నెల కథ అదే. టాన్ తగ్గేదాకా కనీసం నాలుగు వారాలు ఆగాలి.

మరి లేజర్? మన రంగుకి ఎక్కువగా వాడేది క్యూ-స్విచ్‌డ్ ఎన్‌డీ యాగ్, 1064 నానోమీటర్లు. ఆ కాంతిని పైపొరలో ఉండే మెలనిన్ తక్కువ పీల్చుకుంటుంది, లోపలికి దిగుతుంది. అందుకే మనకి కొంచెం భద్రం. అదే మిషన్లో 532 కూడా ఉంటుంది, అది పైపైన ఉండే మచ్చలకి, కానీ మన తోలు మీద నలుపు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. కాబట్టి "లేజర్ చేస్తాం" అంటే సరిపోదు, "ఏ లేజర్, ఎంత?" అని అడగండి. చెప్పలేకపోతే లేచి వచ్చేయండి, సిగ్గు పడాల్సిన పనేం లేదు.

ఫ్రాక్షనల్ సీఓటూ అని ఇంకోటి ఉంది. 10,600 నానోమీటర్లు, అది మెలనిన్‌ని కాదు, చర్మంలో నీటిని పట్టుకుంటుంది. సన్న సన్న చిల్లులు పొడిచి కొత్త చర్మం వచ్చేట్టు చేస్తుంది. మొటిమల గుంటలకి, ముడతలకి మంచిదే. కానీ వారం రోజులు మొఖం పొట్టు రేగి ఉంటుంది, ఎండలోకి పోకూడదు. పొలం పని ఉన్నోళ్లకి కుదిరే మాటేనా? ఫోటోడైనమిక్ థెరపీ అని విదేశీ వీడియోల్లో చూసుంటారు, అది ఎండకి వచ్చే ఒక రకం క్యాన్సర్ ముందు దశ పొలుసులకి. మన రంగు వాళ్లలో అవి అరుదు, వదిలేయండి. ఆన్‌లైన్‌లో ఆఫర్‌లో వచ్చే ఇంటి ఐపీఎల్ మిషన్లు వెంట్రుకలకి చేసినవి. గోధుమ మచ్చల మీద పెట్టొద్దని వాటి పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఎవరు చదువుతారు చెప్పండి!

ఇంతవరకు ఏ మిషన్ అనే మాట్లాడా. నిజానికి అది రెండో ప్రశ్న. నా మొఖం కాలాక నెల్లూరులో ఒక చర్మ డాక్టరమ్మ దగ్గరికి పోయా. ఆమె బుగ్గల మీద లైటు వేసి, భూతద్దం లాంటి డెర్మటోస్కోప్ పెట్టి చూసి అడిగిన మొదటి మాట, "ఇవి ఎండ మచ్చలని నీకు ఎవరు చెప్పారమ్మా?" ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నా. అవి మంగు మచ్చలు. మెలాస్మా. ఎండ వాటిని పెంచుతుంది కానీ ఎండ ఒక్కటే కారణం కాదు, హార్మోన్లు, వంశం కూడా ఉంటాయి. వేడి తగిలితే ఇంకా రేగుతాయి. ఐపీఎల్ అంటే వేడే కదా. అంటే నేను డబ్బులిచ్చి మరీ మచ్చలకి మంట పెట్టించుకున్నా.

మంగు మచ్చలకి లైటు చివరి మెట్టు అని ఆమె చెప్పింది. మొదట ఎండ కాపుదల, తర్వాత డాక్టర్ రాసిన క్రీము, అవసరమైతే పీల్, అవన్నీ అయ్యాక లేజర్. అది కూడా తగ్గిస్తుందే కానీ శాశ్వతంగా తీసేయదు, ఆపితే చాలామందికి తిరిగొస్తాయి. లేజర్ టోనింగ్ అని నెలల తరబడి సిట్టింగుల మీద సిట్టింగులు చేయించుకుంటే కొందరికి చిన్న చిన్న తెల్ల చుక్కలు పడతాయి. అవి పోగొట్టడం మంగు కంటే కష్టం.

ఇంకా విచిత్రం ఏందంటే, మనం ఎండకి నలుపు అనుకునేవాటిలో కొన్నిటికి ఎండతో సంబంధమే తక్కువ. మెడ వెనక నల్లగా, మందంగా, వెల్వెట్ గుడ్డలా అవుతుంది చూడండి. అది చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చెప్పే గుర్తు. దానికి లేజర్ కాదు, షుగర్ పరీక్ష కావాలి. కళ్ల కింద, బుగ్గల మీద నల్లటి బుడిపెలు, మా పెద్దమ్మకి ఉన్నట్టు, అవి వేరే రకం, కరెంటుతో చిటికెలో తీసేస్తారు. హెయిర్ డై, కుంకుమ, సెంటు పడక కూడా మొఖం నల్లబడుతుంది. కారణం అట్టాగే పెట్టుకుని పైన లైటు కొడితే ఏం లాభం? ఒక మచ్చ ఆకారం మారుతున్నా, రక్తం కారుతున్నా, అరికాల్లోనో గోరు కిందనో కొత్తగా నల్ల గీత వచ్చినా మాత్రం అందం సంగతి పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి పొండి. పాటగాడు బాబ్ మార్లీ 1981లో పోయింది కాలి బొటనవేలు గోరు కింద మొదలైన మెలనోమాతోనే.

ఇక మా షాపు వైపు తప్పు కూడా చెప్పాలి. దాచితే బాగుండదు. మొఖం తెల్లబడాలని పేరు చెప్పి కొనుక్కుపోయే ట్యూబుల్లో చాలావాటిలో స్టిరాయిడ్ ఉంటుంది. వారంలో మెరుపు వస్తుంది, నెలల తర్వాత తోలు పల్చబడి ఎర్రటి నరాలు కనిపిస్తాయి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి, ఆపితే మంట. 2018లో ప్రభుత్వం ఇట్టాంటి పూత స్టిరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా కౌంటర్ మీద చేతులు మారుతూనే ఉన్నాయి. ఆ తోలు మీద లైటు కొడితే ఇంకెంత ప్రమాదమో ఆలోచించండి. ఏ క్రీము వాడుతున్నారో క్లినిక్‌లో దాచకుండా చెప్పాలి.

ఎండ కాపుదల గురించి డాక్టరమ్మతో నేను వాదించా. రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్ పూయమంటే పొగాకు తోటలో ఎవరు పూస్తారు, ట్యూబు ఖరీదు ఎంత? ఆమె నవ్వి, "అయితే గుడ్డతో మొదలుపెట్టు" అంది. దట్టంగా నేసిన ఫుల్ చేతుల చొక్కా, అంచు పెద్ద టోపీ, మొఖానికి కట్టే గుడ్డ. చెమటకి తడిసిన పల్చటి నూలు గుడ్డ ఎండని సరిగా ఆపదు, కాబట్టి రెండోది దగ్గర పెట్టుకోవాలి. సన్‌స్క్రీన్ మొఖం, మెడ వరకైనా రెండు వేళ్ల పొడవు తీసుకోవాలి, ఎస్‌పీఎఫ్ 30 చాలు. మంగు ఉన్నోళ్లకి రంగు కలిపినది, ఐరన్ ఆక్సైడ్ ఉన్నది మేలు, ఎందుకంటే కంటికి కనిపించే వెలుతురు కూడా మంగుని పెంచుతుంది.

గాజు వెనకాల ఉన్నాం కదా అనుకునేవాళ్లకి ఒక మాట. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అమెరికా డ్రైవరు ఫోటో వచ్చింది. 69 ఏళ్లు, 28 ఏళ్లు ట్రక్కు తోలాడు. కిటికీ వైపు ఎడమ చెంప ముడతలు పడి ముసలి, కుడి చెంప మామూలు. యూవీఏ అద్దంలోంచి వచ్చేస్తుంది. మన బస్సుల్లో డ్రైవరన్న కుడి చెయ్యి, ఎడమ చెయ్యి ఈసారి పక్కపక్కన చూడండి.

యాడికి పోవాలి అంటారా? పేరు వెనక ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, లేదా డెర్మటాలజీలో డీఎన్‌బీ ఉందేమో చూడండి. కాస్మెటాలజీ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి గోడకి పెట్టినంత మాత్రాన చర్మ డాక్టరు కాదు. మిషన్ పట్టేది ఎవరో అడగండి. చెవి ముందర చిన్న చోట టెస్ట్ కొట్టి, కొన్ని రోజులు ఆగి చూస్తారా అని అడగండి. కళ్లకి షీల్డు పెడతారా అని అడగండి. మొదటి రోజే ప్యాకేజీ డబ్బులు మొత్తం కట్టించుకునే చోట నాకైతే నమ్మకం లేదు. డబ్బులు లేకపోతే నెల్లూరు ఏసీఎస్ఆర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో చర్మ వ్యాధుల ఓపీ ఉంది. ఉదయగిరి నుంచి పోను రాను ఒక రోజు పోతుంది, నిజమే. నా మొఖానికి ఆరు నెలలు పోయింది.

ఆ అమ్మాయికి ఇదంతా చెప్పలేదు, అంత టైమ్ లేదు, వెనక జనం. "మూడు వారాల్లో ఏ లైటూ మచ్చలు తీయలేదు, కాల్చేస్తే మాత్రం పెళ్లికి కచ్చితంగా కనిపిస్తుంది" అన్నా. నా ఫోన్లో అక్క పెళ్లికి ముందు తీసిన చదరాల ఫోటో ఉంది, అది చూపించా. చాలాసేపు చూసింది. అడ్వాన్సు కట్టలేదు. వాళ్లమ్మని తీసుకుని నెల్లూరు ఓపీకి పోయింది, మంగే అన్నారంట, రాత్రి పూట క్రీము రాశారు, పెళ్లి రోజుకి మేకప్ వేసుకోమన్నారు. "మరి అత్తగారోళ్లు?" అని అడిగా ఫోన్లో. "వాళ్లబ్బాయిదీ నా రంగే అక్కా, దగ్గర నుంచి చూశా" అని పకపకా నవ్వింది.

ఈ నెలాఖరు ముహూర్తం, నన్నూ పిలిచింది. వచ్చే వారం హెయిర్ డై పడనోళ్ల గురించి మాట్లాడదాం. ఉంటా మరి.