జన్మస్థలం: రంగూన్
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2025 మార్చి 28న మయన్మారులో భూకంపం వచ్చినప్పుడు మన సంఘంలో చందా ప్రస్తావన తెచ్చినవాణ్ణి నేనే. "మన డి.ఆర్. బకాయిలకే దిక్కులేదు, ఎక్కడో ఉన్న మాండలేకి మనం పంపడమేమిటండీ" అని ఒక మిత్రుడు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ రోజు జవాబు చెప్పే వ్యవధి లేకపోయింది. ఇవాళ పది నిమిషాలిచ్చారు గనుక చెప్పుకుంటాను.

నా సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో జన్మస్థలం దగ్గర రంగూన్ అని ఉంటుంది. కొత్తగా వచ్చిన ప్రతి సూపరింటెండెంటు గారూ అక్కడికి రాగానే కళ్ళజోడు సవరించుకుని నా మొహం చూసేవారు. మా విశాఖ, శ్రీకాకుళం వైపు పాతవారికి మాత్రం అందులో వింత లేదు. వారికి అది రంగూన్ కూడా కాదు, రంగం. "వాడి తండ్రి రంగం పోయాడు" అంటే ఇంట్లో పొయ్యి వెలుగుతుందని అర్థం. మా తాత భీమునిపట్నంలో స్టీమరెక్కి వెళ్ళి రంగం రేవులో మూటలు మోశాడు. బర్మావాళ్ళు మనవాళ్ళను కోరంగీలనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు అది. మర్యాదగా పిలిచే పిలుపేమీ కాదు.

1930 మే 5న పెగూలో భూకంపం వచ్చి సుమారు 500 మంది పోయారు. అదే నెలాఖరులో రంగం రేవులో మన తెలుగు కూలీల సమ్మె ముగిసి, వారి స్థానంలో పెట్టిన బర్మా కూలీలను తీసేసినప్పుడు కొట్లాట మొదలైంది. వందకు పైగా చచ్చిపోయారు, ఎక్కువ మంది మనవాళ్ళే. తాత రెండు రోజులు బియ్యం మిల్లు ఊక గోతిలో దాక్కున్నాడట. అయితే ఆ బర్మా కూలీకి కూడా ఇంట్లో పిల్లలున్నారని తాత చెప్పేవాడని మా నాన్న అనేవాడు. ఇద్దరి ఆకలితోనూ లాభపడినవారు వేరే ఉన్నారు, వారికి ఏ గాయమూ తగల్లేదు.

1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాయి. ఓడ టిక్కెట్టు దొరికినవారు ఓడెక్కారు, తక్కినవారు నడిచారు. నాలుగైదు లక్షల మంది భారతీయులు అడవుల్లోంచి, కొండల్లోంచి ఇటు వచ్చారని చరిత్రకారులు రాశారు. దారిలో పోయినవారు వేలల్లో. మావాళ్ళు ప్రోమ్ నుండి తౌంగుప్ కనుమ దాటి అక్యాబ్ చేరారు. ఆరుగురు బయలుదేరి నలుగురు చేరారు. మా నానమ్మకు దారిలో కలరా తగిలింది. గొయ్యి తవ్వడానికి ఏమీ లేక ఆకులు కప్పి వచ్చామని నాన్న ఒకే ఒక్కసారి చెప్పాడు, మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

అంత జరిగినా 1946లో నాన్న మళ్ళీ రంగమే వెళ్ళాడు. ఎందుకు వెళ్ళావని అడిగితే, "ఇక్కడేముందిరా?" అన్నాడు. చిన్న కిరాణా కొట్టు పెట్టాడు. నేను 1950లో పుట్టాను. 1964 మార్చిలో కొట్లన్నీ జాతీయం చేశారు. మే 17న యాభై, నూరు చాట్ల నోట్లు చెల్లవన్నారు. నాన్న దాచినవన్నీ ఆ నోట్లే. చేతిలో ఉన్న బంగారం కూడా పరిమితికి మించి తీసుకెళ్ళనివ్వలేదు. విశాఖ రేవులో దిగేసరికి నాకు పద్నాలుగేళ్ళు. నాకు బర్మా లిపి వచ్చినంత ధారాళంగా తెలుగు లిపి రాదు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది చూడండి, అలా వచ్చిన వాళ్ళ వల్లే వచ్చిన పేరు. అమ్మ చివరిదాకా ఆదివారం పూట చేపలతో మొహింగా వండేది. వాసనకు ఇరుగుపొరుగు తలుపులు వేసుకునేవారు.

మనం గుమాస్తాలం గనుక ఇంకో మాట. ఉద్యోగ ప్రకటనల్లో "1963 జూన్ 1న గాని, ఆ తరువాత గాని బర్మా నుండి వచ్చిన వారికి వయస్సులో సడలింపు" అని ఒక వాక్యం ఉండేది. ఎవరూ చదవని వాక్యం. క్యాంపులో కూలి పని చేసి వయసు దాటిపోయిన మా అన్నయ్యకు అదే అన్నం పెట్టింది.

ఇక మా అక్క సంగతి. 1944లో పుట్టింది. 1962లో పెగూ దగ్గర పల్లెలో ఒక తెలుగు కుటుంబానికి ఇచ్చాం. బావగారి వాళ్ళు కౌలు పొలం వదిలి రామన్నారు. అక్క ఏడాదికి రెండు ఉత్తరాలు తెలుగులో రాసేది. 1982లో అక్కడ కొత్త పౌరసత్వ చట్టం వచ్చాక "మేమిప్పుడు ఎక్కడి వాళ్ళమో తెలియడం లేదు తమ్ముడూ" అని రాసింది. 1988 అల్లర్ల తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. నేను రాసినవి తిరిగి రాలేదు, జవాబూ రాలేదు.

2008 మే నెలలో నా రిటైర్మెంటు. ఆ నెల 2, 3 తేదీల్లో నర్గీస్ తుపాను ఐరావతి డెల్టాను ముంచేసింది. చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి లక్షా ముప్పైఎనిమిది వేలు. వీడ్కోలు సభలో దండ వేస్తున్నారు, నా మనసంతా ఆ లెక్కలోనే ఉంది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది. 2025లో భూమి కదిలింది. అది సగైంగ్ పగులు వెంట వచ్చింది. 1930లో పెగూను కూల్చిందీ ఆ పగులే. టీవీలో మన ఎన్.డి.ఆర్.ఎఫ్. కుర్రాళ్ళు మాండలేలో శిథిలాలు తొలగిస్తుంటే, ఎవరినైనా ముసలమ్మను మోసుకొస్తారేమోనని రాత్రి రెండింటిదాకా చూశాను. మాండలేకి, పెగూకి చాలా దూరమని తెలిసే చూశాను.

చందా విషయం సభ్యుల ఇష్టం, నేను ఒత్తిడి చేయను. నా విన్నపం వేరు. మీలో గాని, మీ వియ్యాలవారిలో గాని బర్మా నుండి వచ్చినవారుంటే, అక్కడ మిగిలిన బంధువులతో ఇంకా మాటలున్నవారుంటే దయచేసి నన్ను కలవండి. పెగూని ఇప్పుడు బగో అంటున్నారు. అక్క రాసిన చివరి ఉత్తరం జిరాక్సు కాపీలు సంఘం కార్యాలయంలో ఉంచాను. కవరు మీద ఊరి పేరు బర్మా లిపిలో ఉంది, చదివి చెప్పడానికి నేనున్నాను.

సెలవు.