పెట్టెకు సీలు

(మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాను. మెట్రిక్యులేషన్‌తో చదువు ఆపినవాణ్ణి. అటువంటివాడు కంప్యూటర్ల గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. కారణం మనవి చేస్తాను. పోయిన దసరా పూజలనాడు మన సంఘం పెద్దాయన ఒకరు నన్ను పక్కకు పిలిచి, "ఏమోయ్, నీ పనేమిట్రా అని మావాణ్ణి అడిగితే కంటైనర్ల పని అంటాడు. నీకు కంటైనర్లు తెలుసు గదా. ఇంజనీరింగు చదివించింది పెట్టెలు ఎత్తించటానికా?" అని అడిగారు. నాకు తెలిసిన కంటైనరు వైట్‌ఫీల్డులో బండ్ల మీదికి ఎక్కించే ఇనుప పెట్టె ఒక్కటే. సరే, ఆ కుర్రవాణ్ణే అడిగాను. రెండు ఆదివారాలు ఓపికగా చెప్పాడు. వింటున్నకొద్దీ, ఇది మా గూడ్సు షెడ్డు కథే గదా అనిపించింది. తెలిసినంతవరకు మీకూ చెబుతాను.

మొదట ఇనుప పెట్టె సంగతి. వెనుకటి రోజుల్లో సరుకు అంటే బస్తాలు, పీపాలు, గంపలు, మూటలు. ఒక్కొక్కటీ హమాలీ వీపు మీద ఎక్కి దిగవలసిందే. గుంతకల్లులో పనిచేసి రిటైరైన పెద్దలు చెబుతారు: హుబ్లీ వైపు నుంచి మీటరుగేజి మీద వచ్చిన సరుకు మద్రాసు పోవాలంటే అక్కడ దింపి బ్రాడ్‌గేజి వ్యాగనులోకి మార్చవలసి వచ్చేది. మార్చిన ప్రతిచోటా ఆలస్యం, పగులు, చిల్లు, చేతివాటం. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కం మెక్లీన్ అనే లారీల వ్యాపారి 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ మీద 58 పెట్టెలు ఎక్కించి నూవర్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. మూత విప్పకుండానే పెట్టె లారీ నుంచి ఓడకు, ఓడ నుంచి లారీకి మారింది. తరువాత ఆ పెట్టెల కొలతలు ప్రపంచమంతటా ఒకటిగా చేశారు. లోపల ఏమున్నదో క్రేనుకు అక్కరలేదు. మూలలు సరిపోతే చాలు.

కంప్యూటరు ప్రోగ్రాములకూ ఇదే బాధ ఉండేది. ప్రోగ్రాము ఒంటరిగా పనిచేయదు. ఇతరులు రాసిపెట్టిన చిన్న చిన్న భాగాలను తోడు తెచ్చుకుంటుంది. వాటిని లైబ్రరీలంటారు. రాసినవారి యంత్రంలో పాత లైబ్రరీ ఉంటుంది, నడపవలసిన యంత్రంలో కొత్తది ఉంటుంది. "నా దగ్గర బాగానే నడిచింది" అని ఒకరు, "ఇక్కడ కదలటం లేదు" అని మరొకరు. గుంతకల్లు జంక్షను గొడవే! దీనికి మందుగా ప్రోగ్రామునూ దానికి కావలసిన సామగ్రినీ ఒకే పెట్టెలో సర్ది, ఎక్కడికి పంపినా ఒకే విధంగా నడిచేట్టు చేశారు. అదే కంటైనరు. సర్ది ఉంచిన మూలప్రతిని ఇమేజి అంటారు. ఒక ఇమేజి నుంచి ఎన్ని పెట్టెలనైనా నడపవచ్చు. ఇందుకు కావలసిన ఏర్పాట్లు లైనక్సులో 2008 నాటికే చాలావరకు వచ్చాయి. వాటిని సామాన్య ప్రోగ్రామరు చేతికి అందించింది 2013లో వెలువడిన డాకర్. దాని గుర్తు ఏమిటనుకున్నారు? వీపు మీద పెట్టెలు మోసే తిమింగలం.

పెట్టెలు పదో పరకో అయితే మనిషి చూసుకుంటాడు. వారానికి 200 కోట్లకు పైగా పెట్టెలు నడుపుతున్నామని గూగుల్ కంపెనీవారు 2014లోనే చెప్పారు. అన్నింటిని మనుషులు చూడగలరా? అందుకని ఆ సంవత్సరమే వారు కుబర్నెటీస్ అనే ఏర్పాటును అందరికీ ఉచితంగా విడుదల చేశారు. అది గ్రీకు మాట. ఓడ చుక్కాని పట్టేవాడని అర్థం. మన భాషలో కర్ణధారి అనవచ్చు. నాకైతే మా కంట్రోలు ఆఫీసు జ్ఞాపకం వస్తుంది. సెక్షన్ కంట్రోలరు ఏ బండినీ తాను నడపడు. ఏ బండి ఎక్కడ ఆగాలి, ఏది ముందు పోవాలి అన్నది చూస్తాడు. కుబర్నెటీస్‌కు "ఈ పెట్టె ఎప్పుడూ అయిదు ఉండాలి" అని చెబితే చాలు. ఒక యంత్రం చెడి రెండు పెట్టెలు ఆగిపోతే, మరొక యంత్రం మీద రెండు తెరిచి లెక్క సరిచేస్తుంది.

ఈ యంత్రాలు ఎక్కడ ఉంటాయి? క్లౌడులో అంటారు. పేరు విని మబ్బులోకి చూడకండి. క్లౌడు అంటే కరెంటు, చల్లదనం, కాపలా ఉన్న అద్దె గోదాము. అమెజాన్ కంపెనీవారు అటువంటి గోదాములు 2016లో బొంబాయిలోనూ, 2022లో మన హైదరాబాదులోనూ తెరిచారు. గోదాము అన్నాక నిప్పు భయం తప్పదు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ భవనం కాలిపోయింది. వేరొకచోట నకలు ఉంచుకోని ఖాతాదారులు కొందరు తమ సమాచారాన్ని మళ్లీ చూడలేదు.

అందువల్లనే పెద్ద సంస్థలు ఒకే గోదామును నమ్ముకోక, అమెజాన్‌లో కొంత, మైక్రోసాఫ్టులో కొంత, గూగుల్‌లో కొంత పెట్టుకుంటున్నాయి. ఒకరి చేతిలో చిక్కుకోకూడదని కొందరు, ఏదో ఒక దేశపు చట్టం కోసం కొందరు, ఒక కంపెనీ మరొక కంపెనీని కొన్నందువల్ల కొందరు. అయితే రెండు క్లౌడులుంటే భద్రత రెండింతలు అనుకోవటం పొరపాటు. పెట్టె కొలత ఒకటే గాని గోదాముల తాళాలు వేరు, పాసులు వేరు, ఎవరు లోపలికి పోవచ్చుననే నిబంధనలు వేరు. పెట్టె మారనక్కరలేదు, కాని కాపలా ప్రతిచోటా మళ్లీ నేర్చుకోవాలి. దొంగకు ఒక తలుపు దొరికితే చాలు. మనం అన్ని తలుపులూ చూడాలి. అందుచేత నిబంధన ఒక్కచోట రాసి, అన్ని గోదాములలోనూ అదే అమలయ్యేట్టు, అన్నిచోట్ల రాకపోకలూ ఒకే రిజిస్టరులో కనబడేట్టు చేయటం ఈ కుర్రవాళ్ల మొదటి పని.

రెండవది, పెట్టెలో ఏమున్నదో తెలిసి ఉండటం. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే చిన్న లైబ్రరీలో పెద్ద లోపం బయటపడింది. అది ప్రోగ్రాముకు దినచర్య రాసిపెట్టే భాగం. దుర్మార్గుడు ఒక మాటను అందులో రాయిస్తే చాలు, దూరాన కూర్చుని ఆ యంత్రం చేత తన పని చేయించుకోగలడు. లోపాన్ని దిద్దటం కంటే, ఆ లైబ్రరీ తమ పెట్టెలలో ఎక్కడెక్కడ ఉన్నదో వెతకటమే చాలామందికి కష్టమైంది. సరుకు జాబితా లేకుండా వ్యాగను బుక్ చేస్తే ఏమవుతుందో గూడ్సు గుమాస్తాకు చెప్పాలా! ఇప్పుడు ప్రతి పెట్టెకూ లోపలి భాగాల జాబితా రాసి, తెలిసిన లోపాలతో దాన్ని తరచు పోల్చి చూస్తున్నారు.

మూడవది సీలు. ఇమేజిలో ఒక్క అక్షరం మారినా మారిపోయే పొడుగాటి సంఖ్య ఒకటి ఉంటుంది. అది వేలిముద్ర వంటిది. దాని మీద తయారుచేసినవారు తమ రహస్యపు కీతో సంతకం చేస్తారు. క్లౌడు ఏదైనా, పెట్టె లోపలికి వచ్చే ముందు ద్వారం దగ్గర ఆ సంతకాన్ని పరీక్షించాలి. సీలు తెగిన పెట్టెను, సీలు లేని పెట్టెను తిప్పి పంపాలి.

నాలుగవది, ఇవ్వవలసినంత అధికారమే ఇవ్వటం. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఇనుప పెట్టెలాగా ఇది నాలుగువైపులా గట్టిది కాదు. ఒకే ఇంట్లో అద్దెకున్న నాలుగు కుటుంబాలను తలచుకోండి. గదులు వేరు, బావి ఒకటి. యంత్రంలోని లైనక్సు మూలభాగమే ఆ బావి. పెట్టెలన్నీ దాని నీళ్లే తాగుతాయి. పెట్టెలను నడిపే రన్‌సీ అనే సాధనంలో 2019 ఫిబ్రవరిలో ఒక లోపం బయటపడింది. చెడ్డ పెట్టె ఒకటి దాని ద్వారా గోడ దాటి, యంత్రమంతటి మీదా సర్వాధికారం సంపాదించగలిగేది. కాబట్టి ఏ పెట్టెకూ అవసరంలేని పెత్తనం ఇవ్వకూడదు. పైగా కుబర్నెటీస్‌లో ప్రత్యేకంగా కట్టడి చేయకపోతే ఏ పెట్టె అయినా ఏ పెట్టెతోనైనా మాట్లాడవచ్చు. టిక్కెట్ల పెట్టెకు జీతాల పెట్టెతో ఏం పని? కట్టడి చేయాలి.

అయిదవది తాళపు చెవులు. కొందరు పాస్‌వర్డును పెట్టెలోనే పెట్టి పంపిస్తారు. ఇంటికి తాళం వేసి చెవి గుమ్మానికి తగిలించినట్టు! 2018లో అమెరికాలోని టెస్లా కార్ల కంపెనీకి చెందిన కుబర్నెటీస్ అజమాయిషీ పుట పాస్‌వర్డు లేకుండా తెరిచి ఉన్నదని భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. దొంగలు అంతకుముందే లోపలికి చొరబడి, ఆ యంత్రాల చేత తమకోసం క్రిప్టో నాణేలు తయారు చేయించుకుంటున్నారు. అంతేకాదు, అక్కడి పెట్టెలో ఒకదానిలో అమెజాన్ క్లౌడు తాళపు చెవి కూడా ఉన్నది. ఒక గోదాము తలుపు మరొక గోదాముకు దారి చూపటమంటే ఇదే. ఇప్పుడు తెలిసినవారు శాశ్వతమైన చెవులు ఇవ్వరు. మా ప్లాట్‌ఫారం టిక్కెట్టులాగా కొద్దిసేపే చెల్లే అనుమతి ఇస్తారు.

ఇంతవరకు దొంగల సంగతి. కాని నన్ను ఎక్కువగా భయపెట్టింది దొంగ లేని కథ. ఆస్ట్రేలియాలో విశ్వవిద్యాలయాల ఉద్యోగుల పింఛను నిధి ఒకటి ఉన్నది, పేరు యూనిసూపర్. సభ్యులు 5 లక్షలకు పైమాటే. 2024 మేలో, గూగుల్ క్లౌడులో ఆ సంస్థ నడుపుతున్న యంత్రాల సముదాయం ఒకటి చెరిగిపోయింది. అవి కంటైనర్లు కావు, పాత పద్ధతి యంత్రాలు. అయినా పాఠం ఒకటే. వారం రోజులకు పైగా సభ్యులు తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. కారణం ఏమిటని విచారిస్తే, ఆ సముదాయాన్ని ఏర్పాటు చేసేటప్పుడు గూగుల్ సిబ్బంది ఒక సాధనంలో ఒక గడిని ఖాళీగా వదిలారని తేలింది. ఖాళీ గడికి "ఏడాది గడువు" అని ఆ సాధనం తనంతట తాను అర్థం చెప్పుకున్నది. ఏడాది నిండగానే అన్నీ తుడిచివేసింది. విడిగా దాచిన నకళ్లు, మరొక కంపెనీ దగ్గర ఉంచిన నకళ్లు కూడా ఉండబట్టి నిధి తిరిగి నిలబడింది.

ఈ కథ విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేనూ ఒక గడి ఖాళీగా వదిలినవాణ్ణే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వ్యాగను వచ్చినప్పుడు, సీలు సరిగా ఉన్నదా లేదా అని రాయవలసిన గడిని తొందరలో వదిలేశాను. తరువాత సరుకు తక్కువ పడింది. ఎవరి చేతిలో ఉండగా తక్కువ పడిందో తేల్చటానికి ఆ ఖాళీ గడి అడ్డుపడింది. ఒక చిన్న వ్యాపారి పరిహారం కోసం నెలల తరబడి మా ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇప్పటికీ మరిచిపోలేను.

మా షెడ్డులో చెడినా నష్టపడేది ఒక వ్యాపారి. ఈ పిల్లల చేతుల్లో ఉన్నవి మన జీతాలు, పింఛన్లు, బ్యాంకు లెక్కలు, ఆసుపత్రి కాగితాలు. పెట్టె మోయటాన్ని తేలిక చేస్తుంది గాని బాధ్యతను తేలిక చేయదు. ఎన్ని గోదాములు మారినా, ఎంత గొప్ప కర్ణధారి ఉన్నా, లోపల ఏమున్నదో రాసి, సీలు చూసి, చెవులు లెక్కపెట్టి, నకలు వేరొకచోట దాచి, ఆ నకలు నిజంగా తెరుచుకుంటుందో లేదో అప్పుడప్పుడు తెరిచి చూచే మనిషి ఒకడు కావాలి. ఆ మనిషి మన ఇళ్లలోనే ఉన్నాడు. అర్ధరాత్రి ఫోను మోగితే లేచి కూర్చునే మీ అబ్బాయే, మీ అమ్మాయే.

పెద్దాయనగారూ, మీరు అడిగిన ప్రశ్నకు ఇదండీ నా జవాబు. మీవాడు పెట్టెలు ఎత్తించటంలేదు. పెట్టెలకు సీలు చూస్తున్నాడు. అది నా పనే. అతని పెట్టెల్లో ఉన్న సరుకు మాత్రం నాదాని కంటే విలువైనది. మరొకసారి అతను రాత్రి భోజనం మధ్యలో లేచిపోతే కోప్పడకండి. పళ్లెం మీద మూత పెట్టి ఉంచమనండి.

యువకులకు నా మనవి ఒకటే. ఏ గడినీ ఖాళీగా వదలకండి.