ముక్కను తిప్పి చూస్తే



రంగుల సంగతి రేడియోలో చెప్పడం కొంచెం చిత్రమైన పనే. అందుకే ఒక చిన్న సాయం అడుగుతున్నాను. దగ్గర్లో పాత క్యాలెండరు కాగితం, కత్తెర ఉంటే పక్కన పెట్టుకోండి. లేకున్నా ఫరవాలేదు, మనసులోనే కత్తిరిద్దాం.

ఈ పూట మన విషయం బొంత. జడ్చర్ల చుట్టుపక్కల ఊళ్లలో పుట్టినవాళ్లకు దాన్ని పరిచయం చేయాల్సిన పని లేదు. పాతబడ్డ నూలు చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, పైన రంగురంగుల ముక్కలు అతికి, పెద్ద సూదితో బొద్దు దారంతో వరసలు వరసలుగా కుడతారు. పనులు వెతుక్కుంటూ దేశం మీదికి పోయిన పాలమూరు కూలీల మూటల్లో గిన్నెలతోపాటు అదీ ఉండేది. ఇంతకాలం దాన్ని పరుచుకున్నాం, కప్పుకున్నాం. దండెం మీద నిలువుగా వేలాడదీసి, నాలుగడుగులు వెనక్కి జరిగి చూసింది మాత్రం తక్కువ.

అట్లా చూసేటప్పుడు కళ్లు సగం మూయండి. ముదురు ఎరుపు పక్కన ముదురు ఆకుపచ్చ పెడితే, రంగులు వేరైనా దూరం నుంచి రెండూ కలిసిపోతాయి. అదే ఎరుపు పక్కన వెలిసిన పంచె ముక్క పెట్టండి, గీత గీసినట్టు విడిపోతుంది. బొంతలో బొమ్మను కట్టేది రంగుకన్నా ముందు ఈ ముదురూ లేతా. చేయి తిరిగిన ఆడవాళ్లు ఒక ముక్కను ఇక్కడ పెట్టి, తీసి, ఇంకోచోట పెట్టి, మళ్లీ తీసి చూసేది అందుకే. చూసేవాళ్లకు అది తాత్సారంలా కనిపిస్తుంది. అసలు పని అదే, తర్వాతిదంతా సూది చేసుకుపోతుంది.

ఇప్పుడు కత్తెర తీసుకుందాం. ఇప్పటికి క్యాలెండరు కాగితం చాలు. తర్వాత బట్ట కావాలంటే, జడ్చర్లలోని బాదేపల్లి బజారులో టైలర్ల దగ్గర జాకెట్లు కత్తిరించగా మిగిలిన ముక్కలను అడిగితే ఇస్తారు. వాటిలోంచి నాలుగున్నర అంగుళాల చదరాలు తొమ్మిది తీద్దాం. ఎర్రపూల బట్టవి నాలుగు, తెల్లవి నాలుగు, నల్లది ఒకటి. మూడు వరసలు, వరసకు మూడు. మూలలకు ఎరుపు, వాటి మధ్య తెలుపు, నట్టనడుమ నలుపు. కుట్టుకు పావు అంగుళం వదులుతూ అన్నీ కలిపితే పన్నెండున్నర అంగుళాల గడి తయారవుతుంది. పొందికగానే ఉంటుంది. కాకపోతే ఒక్క చూపుకే అయిపోతుంది, రెండోసారి చూడబుద్ధి కాదు.

ఇక్కడ కాస్త గుండె దిటవు కావాలి. అంత శ్రద్ధగా కుట్టినదాన్ని నిలువునా సగానికి, అడ్డంగా సగానికి కోసేయాలి. కత్తెర నల్ల ముక్క మధ్యలోంచే పోతుంది. నాలుగు ముక్కలు చేతికొస్తాయి, ఒక్కోటి ఆరుంబావు అంగుళాలు. వాటిలో ఒకదాన్ని చూడండి. ఒక మూలన నిండు ఎర్ర చదరం, ఎదుటి మూలన బుల్లి నల్ల చదరం, మిగతా రెండు మూలల్లో పొడుగాటి తెల్ల పట్టీలు. ఇందాక అన్నీ ఒకే కొలతవి. రెండు కోతలతో నిండుది, సగంది, పావుది అని మూడు కొలతలు పుట్టుకొచ్చాయి. తొమ్మిది ముక్కల్లో లేని ఎక్కువతక్కువలు ఈ నాలుగింటిలో ఉన్నాయి.

ఇక తిప్పడం. నాలుగింటినీ ఉన్నచోటనే తలకిందులు చేస్తే ఎర్రవన్నీ నడుమకు చేరతాయి, నల్లవి మూలలకు పోతాయి. కొత్తది వచ్చిందని సంబరపడతాం. కానీ అట్లాంటి గడులు ఇరవై పక్కపక్కన పరిచి చూడండి, పాత నమూనాయే సగం గడి పక్కకు జరిగి కనిపిస్తుంది! అన్నీ ఒకేలా తిరిగితే మారేది తక్కువ. ఎదురెదురు మూలల్లోని రెండింటినే తలకిందులు చేసి, మిగతా రెండూ కదపకుండా ఉంచండి. నడుమ రెండు ఎర్ర చదరాలు, రెండు నల్లవి ఎదురుపడి గడి మూలవాటుగా సాగుతుంది. నాలుగింటినీ ఒకే దిక్కుకు పావు చుట్టు తిప్పితే ఎర్ర చదరాలు గాలిమర రెక్కల్లా అంచుల వెంబడి తిరుగుతాయి. ముక్కలను ఉన్నచోటనే తిప్పుతూ పోతే మొత్తం 256 అమరికలు వస్తాయి. గడిని అటూ ఇటూ తిప్పి చూస్తే ఒకటిగా కనిపించేవాటిని ఒకటిగానే లెక్కగట్టినా 70 మిగులుతాయి. మళ్లీ కుట్టాక గడి పన్నెండు అంగుళాలే ఉంటుంది. ఆ అర అంగుళం కొత్త కుట్ల కింద పోయింది.

పడమటి దేశాల్లో ఇట్లా కోసి, తిప్పి కుట్టిన గడిని ‘డిసప్పియరింగ్ నైన్ ప్యాచ్’ అంటారు. జపాన్‌లోని ఓల్ఫా కంపెనీ 1979లో చక్రంలా తిరిగే బట్టకోత కత్తిని తెచ్చాక ఇట్లాంటి కోతలు చాలా సులువయ్యాయి. అయితే కుట్టి, కోసి, జరిపి మళ్లీ కుట్టడం అంతకన్నా పాతది. అమెరికాలో ఫ్లోరిడా చిత్తడి నేలల్లో ఉండే సెమినోల్ తెగ ఆడవాళ్లు 1910ల నాటికే చేతితో తిప్పే కుట్టుమిషన్ల మీద పొడుగు పట్టీలు కలిపి కుట్టి, అడ్డంగా కోసి, ఒక మెట్టు జరిపి అతికి, పావడాల మీద మెట్లూ వంకీలూ పూయించారు.

మన దగ్గర లంబాడా తండాల ఆడవాళ్లు వేసుకునే కాంచళి అనే రవిక, ఫేటియా అనే పావడా చూడండి. ఎరుపు మీద ముక్కోణాలూ చదరాలూ అతికి, నడుమ అద్దాలు కుడతారు. ఆ అద్దాల మెరుపులో పడి, కింద ముక్కలు అమరిన తీరును మన కన్ను దాటిపోతుంది. గద్వాల చీర సంగతీ చెప్పాలి. దాని ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు వేర్వేరు బట్టలను మగ్గం మీదే కలపడం ఆ నేతగాళ్ల విద్య. ఆ చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అతుకును దాచిపెట్టకుండా అందంగా నిలబెట్టడం మన నేలకు కొత్త కాదన్నమాట.

బొంతను గోడకెక్కించినవాళ్లూ ఉన్నారు. న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో 1971లో పాత అమెరికన్ బొంతలను చిత్రాలలాగే వేలాడదీశారు. 2002లో హ్యూస్టన్‌లో, ఆ తర్వాత అదే విట్నీలో, అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లె బొంతలు పెట్టారు. ఒకప్పటి బానిసల సంతతి నల్లజాతి ఆడవాళ్లు, అరిగిపోయిన పొలం బట్టలతో ఇంట్లో చలికి కుట్టుకున్నవి అవి. మోకాలి దగ్గర వెలిసిన ప్యాంటు నీలమే వాళ్లకు లేత రంగు. గీతలు వంకరపోతాయి, చదరాలు ఒరుగుతాయి. నాకైతే, కొలబద్ద పెట్టి కోసి అంచుకు అంచు కలిపిన షోరూము దుప్పటికన్నా ఆ ఒరుగే ఇష్టం. కొలత తప్పినచోట కుట్టినావిడ ఏం చేసిందో కనిపిస్తుంది.

మన పక్కనే ఉత్తర కర్ణాటకలో సిద్దీ తెగ ఆడవాళ్లు కవండ్ అనే బొంతలు కుడతారు. అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి కుట్టుకుంటూ వచ్చి, నాలుగు మూలలా ముక్కోణపు బట్టలు మడిచి పొదుగుతారు. ఆ మూలల్ని ‘ఫూలా’ అంటారు. అవి లేని బొంత వాళ్ల లెక్కలో పూర్తయినట్టు కాదు.

రేపు పగటి వెలుతురులో మీ ఇంటి బొంతను దండెం మీద వేయండి. మొదట దూరం నుంచి, ముదురూ లేతా ఎటు నడుస్తున్నాయో చూడండి. తర్వాత దగ్గరికి పోయి పూల బట్ట ముక్కల్ని పట్టుకోండి. పూలన్నీ ఒకే దిక్కుకు ఉన్నాయా, ఎక్కడైనా తలకిందులయ్యాయా? ఆఖరున వెనక్కి తిప్పి కుట్లు చూడండి, ఎక్కడ దగ్గరపడ్డాయో, ఎక్కడ సాగాయో. కుట్టినావిడ ఇంట్లోనే ఉంటే, ఫలానా ముక్కను ఎందుకట్లా తిప్పినవమ్మా అని అడగండి. బట్ట చాలలేదు బిడ్డా అని కొట్టిపారేస్తుంది. సరే అని ఊరుకోకుండా, మరి ఎడమకే ఎందుకు తిప్పినవని ఇంకోమాట అడగండి.