పెద్దల విరేచనములు - వైరసులు

పెద్దలకు విరేచనములైనపుడు అజీర్ణమనియో, నీరు పడలేదనియో మనము సరిపుచ్చుకొందుము. పలుమారులు కారణము వైరసు. 1968లో అమెరికాలోని నార్వాక్ పట్టణమున ఒక పాఠశాలలో వాంతులు, విరేచనములు ప్రబలినవి. వానికి మూలమైన వైరసును 1972లో కపికియన్ ప్రభృతులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కనుగొనిరి. దానినే నేడు నోరోవైరసు అందుము.

ఈ వ్యాధి సోకిన 12 మొదలు 48 గంటలలో బయటపడి, సాధారణముగా మూడు దినములలో తగ్గును. యాంటీబయాటిక్ మందులు దీనిపై పనిచేయవు. కోల్పోయిన నీటిని, లవణములను ఓ.ఆర్.ఎస్. ద్రావణముతో తిరిగి సమకూర్చవలెను. రక్తము పడినను, మూత్రము తగ్గినను వైద్యుని చూడవలెను.

వ్యాధి తగ్గిన పిమ్మటను మలమున వైరసు వెలువడుచుండును. కావున కోలుకొన్నవారు రెండు దినములైనను వంట చేయరాదు. అందరును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఇంటిల్లిపాదికి వండిపెట్టు తల్లికి ఆ రెండు దినముల విశ్రాంతిని మనమే కల్పింపవలెను.