మన పిల్లల బండిని మనమే ఎంచుకుందాం

(పల్లె తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



1901లో సతారా నుంచి కొందరు పిల్లలు తండ్రిని చూడ్డానికి బయల్దేరారు. మసూరు స్టేషన్లో రైలు దిగారు. ఒంటి మీద మంచి బట్టలున్నాయి, చేతిలో డబ్బులున్నాయి. అయినా మహర్ల పిల్లలని తెలియగానే ఒక్క బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు. అదీ, పిల్లలే బండి తోలుకోవాలి, తను పక్కన నడుస్తానన్నాడు. ఆ పిల్లల్లో ఒకడు మన అంబేద్కర్.

ఇవాళ ఆటోవాడు అట్లా మొహం మీద చెప్పడు. "మీ పల్లెలోకి దోవ బాగాలేదు, పిల్లల్ని రచ్చబండ కాడికి పంపండి" అంటాడు. ఊళ్ళో పిల్లలు ముందెక్కి కూర్చుంటారు. మన పిల్ల ఆఖర్న ఎక్కి కమ్మీ పట్టుకొని వేలాడుతుంది. మాట మారింది గాని సంగతి మారిందా?

బడికి బండి ఎవరో పెట్టే ధర్మం కాదు, మన హక్కు. 2009 విద్యాహక్కు చట్టం నిబంధనల ప్రకారం అయిదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపల ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపల ఉండాలి. అంత దగ్గర్లో బడి లేని చిన్న పల్లెల పిల్లలకు ఉచిత ప్రయాణమో, హాస్టలో సర్కారే చూపాలి. సమగ్ర శిక్షలో దీనికోసం పిల్లకు ఏడాదికి 6,000 రూపాయల దాకా రవాణా భత్యం ఉంది. మన బడిలో ఎంతమందికి మంజూరైందో హెడ్‌మాస్టరు గారిని అడగండి. రాకపోతే మండల విద్యాధికారికి అర్జీ పెట్టండి.

మరి బండిని ఎంచేదెవరు? సర్పంచి బామ్మర్దికి ఆటో ఉంటే ఆ ఆటోయేనా? కాదు. చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. అణగారిన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటుండాలి. ఆ కుర్చీలో మనం కూర్చొని నోరు విప్పాలి.

ముందు ఆర్టీసీని అడగండి. ఆడపిల్లలకూ, స్త్రీలకూ తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగులో టికెట్ లేదు. కానీ బస్సే రాకపోతే ఉచితం ఎందుకు? ఎంతమంది పిల్లలు, బడి ఏ గంటకు, బస్సు ఎక్కడ ఆగాలి - ఈ మూడూ రాసి, సంతకాలూ వేలిముద్రలూ పెట్టి డిపో మేనేజరుకు ఇవ్వండి.

బస్సు రాదని తేలితే అప్పుడు వేరే బండి చూడండి. తక్కువ కిరాయి అనగానే తలూపొద్దు. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో, కాపలా లేని గేటు దగ్గర బడి బస్సును రైలు గుద్దింది. పదిహేను మందికి పైగా చనిపోయారు. దాదాపు అందరూ పసివాళ్ళే. అందుకే ఈ ప్రశ్నలు అడగండి:

ఆర్సీ, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, పర్మిట్ కాగితాలున్నాయా? ఆర్సీలో ఎన్ని సీట్లున్నాయి, వాడు ఎంతమందిని ఎక్కిస్తాడు? డ్రైవరుకు లైసెన్సుందా, తాగుతాడా? బడి బస్సు డ్రైవరుకు పెద్ద బండ్ల మీద అయిదేళ్ళ అనుభవం ఉండాలని 1997లో ఢిల్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అతను రాని రోజు ఎవరొస్తారు? పిల్లల్ని దించి ఎక్కించే మనిషి ఎవరు? ఆ పని మన పల్లె ఆడమనిషికే ఇవ్వమని అడగండి.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఒకటుంది. బండి ఎక్కడ బయల్దేరుతుంది? మన పల్లె నడుమ నుంచే బయల్దేరాలి. ఎవరు ముందెక్కితే వాళ్ళదే సీటు. ఈ షరతులన్నీ కమిటీ రిజిస్టరులో తీర్మానంగా రాయించండి. నోటిమాటను నమ్మొద్దు. షరతు తప్పిన బండికి కమిటీ సంతకం పెట్టకూడదు.

ఆనాడు ఆ పిల్లలు రెట్టింపు కిరాయిచ్చి తమ బండి తామే తోలుకున్నారు. మన పిల్లలకు ఆ గతి పట్టనివ్వొద్దు. వాళ్ళు సీట్లో కూర్చొని, పుస్తకాలు ఒళ్ళో పెట్టుకొని బడికి పోవాలి.

జై భీమ్!