పిచ్చుక గూడు – తల్లిదండ్రుల హక్కు

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి, శుభాలు కురియుగాక! అమ్మా బాద్.

 

నేలపై సంచరించే జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మనవంటి సముదాయాలేనని దివ్య ఖురాన్‌లోని అన్ఆమ్ సూరా 38వ ఆయతు మనకు తెలియజేస్తోంది. ఈ ఆయతును మనం ఎన్నోసార్లు పఠించాము. కాని ఈ వేసవిలో మా ఇంటి వరండాలో కరెంటు మీటరు పెట్టె వెనుక ఒక పిచ్చుకల జంట చేరినప్పుడే దాని భావం మా మనసుకు తాకింది.

మొదట మేము ఆ ఎండుగడ్డిని చెత్తగానే భావించాము. రెండుసార్లు ఊడ్చివేశాము. రెండుసార్లూ అవి మళ్ళీ గడ్డిపరకలు, దారపు పోగులు, కోడి ఈకలు తెచ్చుకున్నాయి. మూడోసారి చీపురు పట్టుకోగానే వరండాలో మంచంపై కూర్చున్న మా తల్లిగారు వారించారు. "అవి మన నీడకు వచ్చాయి, ఉండనివ్వు" అన్నారు. సిగ్గుపడి చీపురు పక్కన పెట్టాము.

కొద్దిరోజులకు గుడ్లు పెట్టాయి. సుమారు పన్నెండు రోజులు పొదిగిన తరువాత పిల్లలు వెలువడ్డాయి. వాటి ఒంటిపై ఈక లేదు, కళ్ళు తెరుచుకోలేదు. నోరు తెరవడం తప్ప వాటికి ఏమీ చేతకాదు. పెద్ద పిచ్చుకలు గింజలు తిని బ్రతుకుతాయి. పిల్లలకు మాత్రం మెత్తని పురుగులను వెదకి తెస్తాయి. తల్లి వెళితే తండ్రి, తండ్రి వెళితే తల్లి, తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకే వరకు ఒకటే రాకపోకలు. గూటిలోని మలినాన్ని సైతం ముక్కున కరచి బయట పారవేస్తాయి. రాత్రివేళ తల్లి రెక్కలు దించి పిల్లలను కప్పుకుంటుంది. ఈ కరుణను వాటి హృదయాల్లో నింపినవాడు ఎవరు? అనంత కరుణామయుడైన అల్లాహ్ తప్ప మరెవరు?

సోదరులారా! ఒక ప్రయాణంలో కొందరు సహచరులు ఒక చిన్న పక్షి పిల్లలు రెండింటిని పట్టుకున్నారు. తల్లిపక్షి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ తల్లడిల్లింది. దైవప్రవక్త (స) అది చూసి, బిడ్డల విషయంలో దానిని బాధపెట్టినదెవరని అడిగి, పిల్లలను దానికి తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఒక పక్షి తల్లి వేదననే ఆయన సహించలేకపోయారు. ఇక మన తల్లుల వేదన మాటేమిటి?

ఈ ప్రశ్న మొదట మాకే తగిలింది. రోజూ అస్ర్ నమాజు తరువాత ఆ గూటిని చూస్తూ చాలాసేపు నిలబడేవారము. ఒకనాడు మా తల్లిగారు మెల్లగా అన్నారు: "పిచ్చుకను ఇంతసేపు చూస్తున్నావు, మంచిదే నాయనా. నా దగ్గర కూర్చోవడానికే నీకు ఈమధ్య తీరడం లేదు." ఆ గొంతులో కోపం లేదు. మా వద్ద జవాబూ లేదు. నాలుగడుగుల దూరంలో ఉన్న మంచాన్ని దాటుకుని మేము రోజూ గూటి దగ్గరకు వెళుతున్నాము!

బనీ ఇస్రాయీల్ సూరా 24వ ఆయతులో అల్లాహ్ తల్లిదండ్రుల ముందు కరుణతో వినయపు రెక్కను దించమని ఆజ్ఞాపించాడు. పసితనంలో వారు మనల్ని పోషించినట్లే వారిపై దయచూపమని వేడుకోవడం కూడా నేర్పాడు. రెక్క దించడమంటే ఏమిటో మేము ఆ గూటిలో చూశాము. ఒకప్పుడు కళ్ళు తెరవని ఆ పిల్లలం మనమే. మనల్ని కప్పిన రెక్కలు నేడు అలసిపోయాయి. ఇప్పుడు కప్పవలసిన వంతు మనది.

కనుక ఈ జుమా నుండి ఇంటికి వెళ్ళగానే తల్లిదండ్రుల దగ్గర కూర్చోండి. కువైట్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉన్న సోదరులకు చెప్పండి: డబ్బు పంపడంతో హక్కు తీరదు, వారి మాట వినడానికి సమయం కూడా పంపాలి. తల్లిదండ్రులు పరమపదించినవారు వారి మన్నింపుకై దుఆ చేయండి, వారి స్నేహితులను ఆదరించండి.

ఇంట్లో గూడు ఉంటే పిల్లలు ఎగిరిపోయేవరకు కదపకండి. పండుగ సున్నం కొన్నాళ్ళు ఆగితే నష్టమేమీ లేదు. తన గుడారంపై పావురం గూడు పెట్టిందని అమ్ర్ బిన్ ఆస్ (రజి) ఈజిప్టులో ఆ గుడారాన్నే విప్పకుండా వదిలి వెళ్ళారని చరిత్రకారులు చెబుతారు. ఒక సేనాని గుడారాన్ని వదలగలిగినప్పుడు మనం ఒక గోడ మూలను వదలలేమా? ఎండాకాలంలో మట్టి మూకుడులో నీళ్ళు ఉంచండి.

మా వరండాలోని పిల్లలు సుమారు రెండు వారాలకు ఎగిరిపోయాయి. గూడు ఖాళీ అయింది. మంచం ఇంకా అక్కడే ఉంది. అల్‌హందులిల్లాహ్, ఇప్పుడు అస్ర్ తరువాత మేము కూర్చునేది ఆ మంచంపైనే.

ఓ అల్లాహ్! మా తల్లిదండ్రులపై దయచూపు. బలహీనుల పట్ల మా హృదయాలను మెత్తపరచు. మా అలక్ష్యాన్ని క్షమించు. ఆమీన్.