పిల్లల ఆరోగ్యము – స్వయంచోదిత నాడీమండలము

(పాఠశాల తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)



ఆరోగ్యమనగానే మనకు మందులు, సూదులు, ఆసుపత్రులు స్ఫురించును. నేడు మేము మాటలాడదలచినది వానిని గూర్చి కాదు. మన మెరుగకయే మన శరీరమును నడుపుచున్న యొక నాడీమండలమును గూర్చియు, దానికిని మన యింటి వాతావరణమునకును గల సంబంధమును గూర్చియు నాలుగు మాటలు మనవి చేయుదుము. ఈ విషయమునే ఎన్నుకొనుటకు కారణము కలదు. గణితము, తమిళము పరీక్షలున్న ఉదయములందు కడుపునొప్పి యని వచ్చు పిల్లలు ప్రతి తరగతిలోను కొందరుందురు. పరీక్ష ముగిసిన గంటకే ఆ బిడ్డలు చక్కగా భోజనము చేయుదురు. “అది బడి యెగగొట్టుటకు వేసిన వేషము” అని ఇంట కొందరనుచుందురు. చాలమట్టుకు అది వేషము కాదు. ఎందుకు కాదో విన్నవించెదము.

శరీరములో జరుగు పనులు రెండు విధములు. చేయి యెత్తుట, నడచుట, వ్రాయుట మన యిచ్ఛ ననుసరించి జరుగును. గుండె కొట్టుకొనుట, అన్నము జీర్ణమగుట, చెమట పట్టుట, కంటిపాప పెద్దదగుట మన యాజ్ఞకై వేచియుండవు. ఈ రెండవ తరగతి పనులను నడుపు నాడులకే స్వయంచోదిత నాడీమండలమని పేరు. ఆంగ్లమున ఆ పేరు పెట్టినవాడు జాన్ లాంగ్లీ అను ఇంగ్లండు శరీరశాస్త్రజ్ఞుడు. అది 1898 నాటి మాట. ఇందు రెండు శాఖలు ముఖ్యమైనవి. వెన్నుపాములో ఱొమ్ము, నడుము భాగములనుండి వెలువడునది సహానుభూత శాఖ. మెదడు క్రిందిభాగమునుండియు, వెన్నుపాము చివరిభాగమునుండియు వెలువడునది సహానుభూత పర శాఖ. బండి తోలినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. మొదటిది ములుకోల వంటిది, రెండవది పగ్గము వంటిది. రెండును కావలసినవే. ఎల్లప్పుడు ములుకోలతోనే తోలిన యెద్దు ఎన్నాళ్లు నిలుచును?

ములుకోల చేయు పనిని విశదముగా చూపినవాడు అమెరికా దేశస్థుడు వాల్టర్ కానన్. 1890వ దశకము చివర ఆయన హార్వర్డులో వైద్యవిద్యార్థిగా నుండి, అప్పుడప్పుడే కనుగొనబడిన ఎక్స్‌రే కిరణములతో పిల్లుల జీర్ణాశయ చలనములను పరిశీలించుచుండెను. పిల్లి కలతచెందగానే జీర్ణాశయము కదలుట మానివేసెను. శాంతించిన పిమ్మట మరల కదలసాగెను. అపాయము తోచినపుడు శరీరము పోరాటమునకో, పరుగునకో సిద్ధపడునని ఆయన తరువాత నిరూపించెను. అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తములోనికి వదలును, గుండె వేగము హెచ్చును, నోరెండును, అరచేతులు చెమర్చును, రక్తము జీర్ణకోశమును విడిచి కండరములకు ఎక్కువగా పోవును. భయవేళ జీర్ణాశయము మందగించుచుండగా పెద్దప్రేగు త్వరపడును. పరీక్షనాటి ఉదయము మన బిడ్డకు ముద్ద మింగుడుపడకపోవుటకును, మాటిమాటికి దొడ్డికి పోవలసివచ్చుటకును ఇదియే కారణము. పులిని చూచినను, ప్రశ్నపత్రమును చూచినను ఈ నాడులు చేయునది ఒకే పని. కావున ఆ బిడ్డ నొప్పి నిజమైన నొప్పియే.

ఇక పగ్గము సంగతి. మెదడునుండి బయలుదేరి గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయముల దాక ప్రాకిన వేగస్ నాడి ఇందు ప్రధానమైనది. 1921లో ఆటో లోవీ అను శాస్త్రజ్ఞుడు రెండు కప్పగుండెలను తీసికొని, ఒకదాని వేగస్ నాడిని ప్రేరేపించెను. ఆ గుండె నెమ్మదించెను. దానిని తడిపిన ద్రవమును రెండవ గుండెకు తగిలింపగా, నాడి ముట్టనిదే అదియు నెమ్మదించెను. నాడులు రసాయన ద్రవ్యముల మూలమున పనిచేయునని ఇట్లు తేలినది. 1936లో ఆయనకును, హెన్రీ డేల్‌కును నోబెల్ బహుమాన మీయబడినది.

ఈ గుండెను మన యిచ్ఛచే ఆపవచ్చునా? అట్లు ఆపగలమన్న యోగులను ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన బి.కె. ఆనంద్, వెంగర్, బాగ్చీ అను పరిశోధకులతో కలసి పరీక్షించి 1961లో ఫలితములను ప్రకటించెను. ఊపిరి బిగపట్టి కండరములను బిగించినపుడు నాడి చేతికందలేదు, గుండె చప్పుడు వినరాలేదు. కాని విద్యుల్లేఖనములో గుండె కొట్టుకొనుచునే యున్నట్లు కనబడెను. అనగా గుండె ఆజ్ఞకు లోబడలేదు. అయినను ఒక ద్వారము తెరచియే యున్నది. అది శ్వాస. అది తనంతట జరుగును, మనము కోరినట్లును జరుగును. ఊపిరి తీయునపుడు గుండె కొంత వేగపడును, విడుచునపుడు కొంత నెమ్మదించును. కావుననే దీర్ఘముగా, మెల్లగా ఊపిరి విడుచుట కలతచెందిన బిడ్డకు మేలు చేయును. పరీక్షకు ముందు అయిదు నిమిషములు పిల్లలందరిచేత దీనిని చేయించు నలవాటు మా పాఠశాలలో కలదు. దీనికి ఖర్చు లేదు.

దీనినిబట్టి మేము గ్రహించినది ఒక్కటే. ఆజ్ఞకు లోబడని అవయవములకు ఆజ్ఞ యిచ్చి ప్రయోజనము లేదు. వానికి తగిన పరిస్థితిని కల్పించవలెను. “భయపడకు” అని గద్దించినచో భయము పోదు, మరియొక భయము తోడగును. ఆ పరిస్థితి శరీరము, మనస్సు, ఇల్లు అను మూడింటిని కలిపి చూచినపుడే ఏర్పడును.

మొదటిది నిద్ర. 6 మొదలు 12 ఏండ్ల బిడ్డకు రోజునకు 9 మొదలు 12 గంటలును, 13 మొదలు 18 ఏండ్లవారికి 8 మొదలు 10 గంటలును నిద్ర కావలెను. మన హోసూరు ప్రాంతమున కర్మాగారములలో రాత్రి షిఫ్టు చేయు తండ్రులును, తెల్లవారకముందే పూలు కోయబోవు తల్లులును పెక్కుమంది కలరు. మీ శ్రమను మేమెరుగుదుము. పెద్దలు వేళగాని వేళ వచ్చినను బిడ్డ నిద్ర చెడకుండ ఒక మూల నేర్పరచుడు. పడకవేళకు సెల్‌ఫోను బిడ్డ చేతికీయకుడు. రెండవది ఆట. పరీక్షల దినములలో సైతము గంటసేపు ఆడనిండు. మూడవది భోజనము. రాగిముద్దయో, మజ్జిగయన్నమో, ఉన్నదే తిననిండు; కాని తినునపుడు మార్కుల ప్రసంగము తేకుడు. కానన్ పిల్లికి జరిగినదే మన బిడ్డకును జరుగును.

నాలుగవది మాట. 2006 నాటి చట్టము పిమ్మట తమిళము మన పిల్లలకు తప్పనిసరి పాఠ్యభాగమైనది. అది మనకు పరాయిభాష కాదు. సంతలో, బస్సులో, కచేరీలో దానితోనే మెలగుచున్నాము. ఎదురింటి బిడ్డతో పోల్చి నిందించినపుడే అది భయకారణమగును. రోజూ పది నిమిషములు బిడ్డతోపాటు మీరును తమిళవాచకము చదివినచో భయము సగము తగ్గును.

ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. ప్రతి నొప్పియు భయమువలననే యని తలపరాదు. జ్వరము, విడువని వాంతులు, మలములో రక్తము, బరువు తగ్గుట, నిద్రలో లేపు నొప్పి, కుడివైపు పొత్తికడుపున హెచ్చుచున్న నొప్పి ఉన్నచో ఆలస్యము చేయక వైద్యుని కడకు కొనిపోవలెను. శ్వాసాభ్యాసము వైద్యమునకు తోడేగాని బదులు కాదు.

కడపటి మనవి. చదువు చెప్పుట మా పని. కాని తన కడుపులోని భయమును తన భాషలో చెప్పుకొను చోటు బిడ్డకు మొట్టమొదట ఇంట దొరకవలెను. “అమ్మా, కడుపులో ఏమో అవుతోంది” అని బిడ్డ యన్నపుడు, “ఏమైంది నాయనా?” అని అడిగి, సమాధానము వచ్చునంతవరకు ప్రక్కన కూర్చుండుడు. అబద్ధమని కసరినచో, నిజముగా జబ్బు చేసిననాడు ఆ బిడ్డ మనతో చెప్పడు.